మాత్ర ఒకరికి, పథ్యం ఇంటిల్లిపాదికీ

జీవనశైలి వైద్యం అంటే తిండి, నడక, నిద్ర, పొగాకు మానడం లాంటివాటిని కూడా చికిత్సలో భాగంగా చూడటం. మన పెద్దల మాటల్లో 'పథ్యం' దీనికి దగ్గరగా ఉంటుంది. దీన్ని ప్రభుత్వ వైద్యంలో కలపడం ఎలా?

మన తమిళనాడులో 'మక్కళై తేడి మరుత్తువం' (ప్రజల దగ్గరికే వైద్యం) పథకాన్ని 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలుపెట్టారు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటికే వచ్చి బీపీ, షుగర్ చూసి మాత్రలు ఇస్తారు. ఆసుపత్రికి పోతే ఆ రోజు కూలి పోయేవాళ్ళకు ఇది పెద్ద మేలు.

మా ఇంటికొచ్చే అక్క "ఉప్పు తగ్గించండి" అని కూడా చక్కగా చెప్తుంది. మా అవ్వ తల ఊపుతుంది. అక్క గడప దాటగానే కంచంలోకి ఊరగాయ వస్తుంది!

పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అంటే ఒక చిన్న చెంచాకి కాస్త తక్కువ. ఇది చెప్తే అవ్వ "ఊరగాయ, అప్పడం, చారు అన్నీ కలిపేనా?" అని అడిగింది. అవును, అన్నీ కలిపే.

కానీ అవ్వకు విడిగా చప్పిడి కూర పెట్టి, మేము ఎదురుగా కూర్చుని రుచిగా తింటే ఆమె ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది? మాత్ర ఆమె ఒక్కతే మింగాలి, మానకూడదు. పథ్యం మాత్రం అందరం పట్టాలి. అందుకే ఆ సలహా రోగికే కాదు, వండేవాళ్ళకీ, పక్కన కూర్చుని తినేవాళ్ళకీ చెప్పాలి.

ఇప్పుడు మా ఇంట్లో అందరికీ ఒకటే కూర. మొదటి వారం నేనే ఎక్కువ సణిగాను.