కుక్కలలో పిడుదుల బెడద: గుర్తింపు, నివారణ

వరంగల్ జిల్లా నెక్కొండ మండలంలో పత్తి, మిరప, మొక్కజొన్న పండించే రైతులు ఇంటికీ, చేనుకూ కాపలాగా కుక్కలను పెంచుతారు. వీటిని పీడించే గోధుమరంగు పిడుదు రిపిసెఫాలస్ సాంగ్వినియస్ జాతికి చెందినది.

గుర్తింపు: చెవుల లోపల, మెడ, చంకలు, కాలివేళ్ల సందులను తడిమి చూడాలి. రక్తం తాగిన ఆడ పిడుదు ఆముదపు గింజలా ఉబ్బి ఉంటుంది.

తొలగింపు: పిడుదును పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, నిదానంగా నిటారుగా లాగాలి. కిరోసిన్ పోయడం, కాల్చడం, వేళ్లతో నలపడం తగదు. అనంతరం కాటు చోటును, చేతులను సబ్బుతో కడగాలి.

వ్యాధి లక్షణాలు: ఎర్లీషియా సోకిన 8 నుంచి 20 రోజులలో జ్వరం వచ్చి, కుక్క ఆహారం ముట్టదు. చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కారడం కూడా సంభవించవచ్చు. మూత్రం ఎర్రబడితే బబీసియాను అనుమానించాలి. ఈ రెండింటికీ రక్తపరీక్ష అవసరం. సకాలంలో చికిత్స అందకపోతే ప్రాణాపాయం కలుగుతుంది.

హెచ్చరిక: చేనుకు కొట్టగా మిగిలిన మోనోక్రోటోఫాస్ వంటి మందులను కుక్కపై ఎన్నడూ చల్లరాదు. చర్మం ద్వారానూ, నాకుడు వల్లనూ విషం శరీరంలో చేరి చొంగ, వణుకు, ఆయాసం కలుగుతాయి. అట్టి స్థితిలో ఒంటిని పుష్కలమైన నీటితో కడిగి, మందు డబ్బాతో సహా వెంటనే పశువైద్యశాలకు చేర్చాలి. కడిగేవారు చేతి తొడుగులు ధరించాలి.

నివారణ: ఈ పిడుదు ప్రతి దశలోనూ రక్తం తాగి కుక్కను వదలి, గోడ పగుళ్లలో దాగి రూపాంతరం చెందుతుంది. ఆడ పిడుదు అక్కడే వేల గుడ్లు పెడుతుంది. కావున పశువైద్యుడు సూచించిన మందును కుక్కకు వాడుటతోపాటు, అది పడుకునే చోట పగుళ్లను పూడ్చి, పాత గోనెసంచులను తొలగించవలెనని విస్తరణ సిబ్బంది రైతులకు బోధించాలి.