మాటలు లేని శబ్దాలు – మనసుపై, శరీరంపై వాటి ప్రభావం



మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరారంటే చుట్టపక్కాలందరూ చూడడానికి వస్తారు. ఇది మనకున్న మంచి అలవాటు. అయితే కొందరు రోగిని చూడగానే గుండెలు బాదుకొని ఏడుస్తారు. కొందరు నిట్టూరుస్తారు. ఆ తరువాత ఎంత ధైర్యం చెప్పినా, రోగి శరీరం ముందుగా స్పందించేది ఆ శబ్దాలకే. ఈ సంగతి వివరంగా తెలుసుకుందాం.

శరీరంలో ఏమి జరుగుతుంది?

ఏడుపు, నవ్వు, కేక, మూలుగు – వీటికి భాషతో పనిలేదు. 2010లో ప్రచురితమైన ఒక పరిశోధనలో నమీబియా దేశపు హింబా ప్రజలకు ఇంగ్లీషువారి ధ్వనులను, ఇంగ్లీషువారికి హింబావారి ధ్వనులను వినిపించారు. భయం, కోపం, దుఃఖం, నవ్వు వంటివాటిని ఉభయులూ గుర్తుపట్టారు.

కేకకు బలం మరీ ఎక్కువ. దాని తీవ్రత సెకనుకు 30 నుండి 150 సార్లు హెచ్చుతగ్గులవుతుందని 2015లో పరిశోధకులు తెలిపారు. మామూలు మాటలో లేని ఈ గరుకుదనం, భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే మెదడు భాగాన్ని కదిలిస్తుంది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. గుండెపోటు వచ్చినవారికి, ఆపరేషను అయినవారికి ఇది అదనపు భారం.

పసిబిడ్డ ఏడుపు

బిడ్డ ఏడుపు వినగానే తల్లిలో ఆక్సిటోసిన్ విడుదలై పాలు చేపుతాయి. అదే ఏడుపు గంటల తరబడి సాగితే ఎవరికైనా విసుగు, కోపం వస్తాయి. సాధారణంగా ఏడుపు ఆరో వారం వరకు పెరిగి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. ఇందులో తల్లి తప్పు లేదు. కోపంతో బిడ్డను గట్టిగా కుదిపితే మాత్రం మెదడులో రక్తస్రావమై ప్రాణం పోవచ్చు. సహనం నశిస్తున్నప్పుడు బిడ్డను ఇంట్లో మరొకరికి అప్పగించి కాసేపు పక్కకు వెళ్లండి.

ఊపిరి వదిలేటప్పుడు బిడ్డ మూలుగుతున్నా, ఏడుపు నీరసంగా లేక కీచుగా ఉన్నా, పాలు తాగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

'ఊ' కొట్టడం

బుర్రకథలో వంతలు లేకపోతే కథ నడవదు. కథ చెప్పే అమ్మమ్మ కూడా పిల్లలను ఊ కొట్టమంటుంది. వినేవారి ధ్యాస మరోచోట ఉంటే చెప్పేవారు తమ సొంత అనుభవాన్ని కూడా సరిగా చెప్పలేరని 2000లో వెలువడిన కెనడా పరిశోధన ఒకటి చూపింది.

పత్తికో మిరపకో చేసిన అప్పుతో కుంగిపోయిన రైతుకు మన సలహాలకంటే ముందు ఈ 'ఊ' కావాలి. అది ఉంటేనే లోపలి బాధ బయటకు వస్తుంది. చనిపోవాలనే మాట అతని నోట వస్తే ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు అందకుండా తీసేయండి. డాక్టరుకు చూపించండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు.

మనం చేయవలసినవి

1. ఏడుపు ఆగకపోతే వార్డు బయటకు వెళ్లి ఏడవండి. దుఃఖాన్ని అణచుకోనక్కరలేదు, రోగి పక్కన వద్దు, అంతే.

2. రోగి మూలుగును "నటన" అని కొట్టివేయవద్దు. నొప్పి ఎక్కడో అడిగి నర్సుకు చెప్పండి.

3. స్పృహ లేని రోగి దగ్గర కూడా మెల్లగా మాట్లాడండి. మరణానికి చేరువై స్పందన లేని కొందరిలో మెదడు శబ్దాలను గ్రహిస్తున్నట్లు 2020లో ఒక కెనడా పరిశోధన తెలిపింది.

4. బిడ్డను ఎదకు హత్తుకొని సన్నగా జోకొట్టండి. పుట్టకముందే విన్న తల్లి గొంతును బిడ్డ పోల్చుకుంటుంది.

5. రోగి మాట్లాడుతుంటే సెల్‌ఫోను పక్కన పెట్టి ఊ కొట్టండి.

వీటికి డబ్బు ఖర్చు లేదు. ఈ పాఠాన్ని ఇంట్లో చదివి వినిపించి, ఆసుపత్రికి వచ్చే బంధువులకు కూడా చెప్పండి.