'అవసరం' అంటే ఎంత అవసరం?

మాట ఒకటే అయినా అర్థం ఒకచోట నిలవదని అర్థవిపరిణామం పాఠంలో చదువుకున్నాం. దానికి ఉదాహరణ నాకు ఇంట్లోనే దొరికింది. మాకు నాన్న వైపు తెలుగు, అమ్మ వైపు తమిళం. సంస్కృతంలో 'అవసరం' అంటే సందర్భం, అదను. హిందీలో ఇప్పటికీ అవకాశం అనే అర్థంలో వాడతారు. అదే మాట తెలుగులో 'కావలసి ఉండటం' అయింది, తమిళంలో 'తొందర' అయింది. మా అవ్వ "కళ్లద్దాలు అవసరమే" అంటే ఈ నెలలో ఎప్పుడైనా తేవచ్చు. మా పాటి 'అవసరం' అందంటే మాత్రం వెంటనే చెప్పులేసుకుని బయల్దేరాల్సిందే.

ఇంట్లో అయితే ఇది నవ్వుకునే సంగతి. ఇలాంటి తేడా వల్ల ప్రాణాలు పోయిన సందర్భం ఒకటి ఉంది. భాష చదువుకునే మనం దాన్ని తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

జరిగింది ఇది

1990 జనవరి 25న కొలంబియాకు చెందిన ఏవియాంకా 52వ నంబరు విమానం బొగోటాలో బయల్దేరి, మెడెలిన్ మీదుగా న్యూయార్క్ వెళ్తోంది. అది బోయింగ్ 707. లోపల 158 మంది ఉన్నారు. ఆ రాత్రి న్యూయార్క్‌లో వాతావరణం బాగోలేదు. దిగాల్సిన విమానాలు బారులు తీరాయి. ఈ విమానాన్ని మూడుసార్లు ఆపి, గాల్లోనే చక్కర్లు కొట్టించారు. మొత్తం 1 గంట 17 నిమిషాలు. ఈలోగా ఇంధనం తగ్గిపోతూ వచ్చింది.

కెప్టెన్‌కి ఇంగ్లీషు అంతగా రాదు. అందుకని రేడియోలో కో-పైలటే మాట్లాడుతున్నాడు. మూడోసారి ఆపినప్పుడు ఆయన తమకు 'ప్రయారిటీ' కావాలనుకుంటున్నామని చెప్పాడు. ఇంకో ఐదు నిమిషాలకు మించి ఆగలేమని, బోస్టన్‌కి మళ్లే వీలు కూడా లేదని చెప్పాడు. కానీ ఆ కబురు తర్వాతి కంట్రోలర్‌కి పూర్తిగా అందలేదు.

మొదటిసారి దిగబోతే గాలి తోసేసింది, రన్‌వే కనపడలేదు. మళ్లీ పైకి లేవాల్సి వచ్చింది. కెప్టెన్ స్పానిష్‌లో "మనది ఎమర్జెన్సీ అని చెప్పు" అన్నాడు. కో-పైలట్ ఇంగ్లీషులో ముందు విమానం తిరగాల్సిన దిక్కు గురించి చెప్పి, చివర్లో ఇంధనం అయిపోతోందని కలిపాడు. ఎమర్జెన్సీ అనే మాట మాత్రం రాలేదు. "చెప్పావా?" అని కెప్టెన్ అడిగితే, చెప్పానన్నాడు. తన వరకు ఆయన చెప్పినట్టే!

తర్వాత కంట్రోలర్ ఇంకో చుట్టు తిప్పి తీసుకొస్తానని చెబుతూ, మీకూ మీ ఇంధనానికీ సరిపోతుందా అని అడిగింది. సరిపోతుందనుకుంటా, చాలా థాంక్స్ అని జవాబు వెళ్లింది. కొద్ది నిమిషాల్లో ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. లాంగ్ ఐలాండ్‌లోని కోవ్ నెక్ దగ్గర విమానం కూలింది. 73 మంది చనిపోయారు, 85 మంది బతికారు. మండటానికి ఇంధనమే లేదు కాబట్టి మంటలు రాలేదు.

మాట ఎక్కడ జారింది?

తప్పంతా భాషదే అనడం సరికాదు. ఇంధనం లెక్క సరిగా చూసుకోకపోవడం, విమానాల రద్దీని సరిగా నడపకపోవడం, చెడ్డ వాతావరణం, సిబ్బంది అలసట, ఇవన్నీ విచారణలో తేలాయి. అయితే ఇంధనం విషయంలో పైలట్లకీ కంట్రోలర్లకీ ఒకేలా అర్థమయ్యే మాటలు లేకపోవడాన్ని కూడా విచారణ సంఘం కారణాల్లో చేర్చింది.

స్పానిష్ 'ప్రియోరిదాద్', ఇంగ్లీషు 'ప్రయారిటీ' ఒకే మూలం నుంచి వచ్చినవి. కో-పైలట్ దాన్ని 'మమ్మల్ని వెంటనే దించండి' అనే బలంతో వాడి ఉంటాడని కొందరు భాషాశాస్త్రజ్ఞులు అంటారు. కంట్రోలర్ల చెవికి అది 'వీలైతే మమ్మల్ని ముందు చూడండి' లాగానే వినపడుతుంది. పాటి 'అవసరం' అంటే అవ్వ 'అవసరం' విన్నట్టు.

ఇంకోటి, మర్యాద. ప్రమాదంలో ఉన్నవాడు కూడా 'అనుకుంటా', 'థాంక్స్' అంటే, విన్నవాళ్లకి ప్రమాదం తెలియదు.

తర్వాత ఏం మార్చారు?

2008 నుంచి అంతర్జాతీయ మార్గాల్లో నడిపే పైలట్లకీ, వాళ్లతో మాట్లాడే కంట్రోలర్లకీ నిర్ణీత స్థాయి భాషా సామర్థ్యం తప్పనిసరి అయింది. ఇంధనం ప్రమాదస్థాయికి పడిపోతే 'మేడే, మేడే, మేడే, ఫ్యూయల్' అనాలని 2012లో అంతర్జాతీయ నియమం వచ్చింది. 'మేడే' అనేది 'నాకు సాయం చెయ్యండి' అనే ఫ్రెంచి పలుకుబడి నుంచి తయారుచేసిన మాట. మామూలు సంభాషణలో ఎవరూ వాడరు గనక, ఇంకో అర్థంలో తీసుకునే వీల్లేదు.

1977లో టెనెరీఫ్ దీవిలో రెండు పెద్ద విమానాలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. అక్కడ కూడా 'టేకాఫ్' అన్న మాట దగ్గరే గందరగోళం వచ్చింది. ఆ తర్వాత, ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప కంట్రోలర్లు ఆ మాట పలకకూడదని నియమం పెట్టారు. మిగతా చోట్ల 'డిపార్చర్' అంటారు. వచ్చిన అనుమతిని పైలట్ తిరిగి వల్లించాలి కూడా.

మనకేంటి?

మన క్లాసులో చాలామంది ఇళ్లల్లో రెండు భాషలు. ఆస్పత్రిలో, బ్యాంకులో పెద్దవాళ్ల తరఫున మాట్లాడేది మనమే. అంటే ఆ కో-పైలట్ కుర్చీలో మనం కూర్చుంటున్నామన్నమాట. అవ్వ "గుండెల మీద బండ పెట్టినట్టుంది" అంటే, దాన్ని "కొంచెం బాలేదు" అని మెత్తగా చెప్పకూడదు. ఎక్కడ, ఎంత, ఎప్పట్నుంచి అన్నీ చెప్పాలి. "మీకేం అర్థమైంది?" అని ఎదుటివాళ్లని అడగాలి. వాళ్లు చెప్పింది అవ్వకి తెలుగులో మళ్లీ చెప్పి, సరేనా అని కనుక్కోవాలి. దీనికి రెండు నిమిషాలు చాలు.