ఇది నా చెట్టు కాదు

సమస్య:

మాది గుంతకల్లు. మావారు లోకో పైలట్. డ్యూటీకి పోతే ఇంటికి ఎప్పుడొస్తారో చెప్పలేం. ఇంట్లో నేను, మా అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు ఐదు.

వేసవి సెలవుల్లో పిల్లలు ఫోనుకు అతుక్కుపోకుండా మిద్దె మీద కూరగాయలు పెంచుదామనుకున్నాను. పాత ప్లాస్టిక్ బకెట్లలో చేను నుంచి తెచ్చిన నల్లమట్టి నింపి, టమాటా, వంగ నారు నాటాం. బాబు రోజుకు మూడుసార్లు నీళ్లు పోసేవాడు. మా వీధిలో కొళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. వాడు చెంబు పట్టుకుని మెట్లెక్కితే చాలు, "తాగేకే నీళ్లు లేవు, మీకు తోటలు కావాల్సొచ్చినాయా?" అని అత్తమ్మ మొదలుపెట్టేది. ఆమె నలభై ఏళ్లు సేద్యం చేసిన మనిషి. ఆమే ఇట్లా అంటే ఎట్లా?

రెండు వారాలకు ఆకులు పసుపురంగుకు తిరిగి ఒక్కో చెట్టూ వాలిపోయింది. బాబు ముద్దుగా చూసుకునే టమాటా చెట్టు కూడా పోయింది. వాడు ఆటకు పోయిన సమయం చూసి, నర్సరీ నుంచి అంతే ఎత్తున్న ఇంకొకటి తెచ్చి అదే బకెట్లో పెట్టేశాను. సాయంత్రం పైకెళ్లి చూసి వచ్చి, "అమ్మా, ఇది నా చెట్టు కాదు. నా చెట్టుకు కింది ఆకు చిరిగుంటుంది" అన్నాడు. ఆ తర్వాత మిద్దె ఎక్కలేదు. నాతో కూడా ముభావంగా ఉంటున్నాడు.

ఈ ఊరి ఎండకు, ఈ నీటికి పిల్లలతో తోట పెట్టించడం జరిగే పనేనా? అత్తమ్మను ఎట్లా ఒప్పించాలి?

– ఒక అమ్మ, గుంతకల్లు

సలహా:

అమ్మా, ఏ ఆకు ఎక్కడ చిరిగిందో గుర్తుండేంతగా మీవాడు ఆ చెట్టును చూశాడు. తోట పెట్టి మీరు నేర్పాలనుకున్న పాఠం వాడికి సగం వచ్చేసింది. ముందు వాడికి నిజం చెప్పండి: "నీ చెట్టు చచ్చిపోయింది. నువ్వు బాధపడతావని మార్చేశాను. తప్పు చేశాను." అంతే చాలు, సంజాయిషీలు వద్దు.

తర్వాత వాడిపోయిన వంగ మొక్క ఏదైనా మిగిలి ఉంటే, ఇద్దరూ కలిసి వేళ్లతో సహా పెకలించి చూడండి. వేళ్లు గోధుమరంగులో మెత్తగా ఉండి, కుళ్లు వాసన వస్తే అది నీళ్లు చాలక చచ్చింది కాదు, ఎక్కువై చచ్చింది. నా అనుమానం అదే. బకెట్లకు అడుగున బెజ్జాలు పెట్టినట్టు మీరు రాయలేదు. నల్లరేగడి చేలో బంగారమే గానీ, బకెట్లో ఒట్టిదే నింపితే నీటిని పట్టుకుని వదలదు. వేళ్లకు నీటితో పాటు గాలీ కావాలి. ఇంట్లో మీరంతా నీళ్ల కోసం మాటలు అనుకుంటుంటే, మిద్దె మీద మొక్క నీళ్లలో మునిగి చచ్చింది!

ఇక అత్తమ్మ సంగతి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమలో చెనక్కాయ విత్తి మొగులు కేసి చూసిన మనిషి ఆమె. మండుటెండలో చెంబుల కొద్దీ నీళ్లు బకెట్లలో పోస్తుంటే కడుపు మండదా? ఆమెను ఒప్పించే ప్రయత్నం మానేయండి, సలహా అడగండి. ఏ విత్తనం ఎంత లోతున వేయాలో, ఏ కార్తెలో ఏది వేయాలో పిల్లలకు ఆమె చేతే చెప్పించండి. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో అచ్చువేసిన చిన్ననాటి జ్ఞాపకాలు మనకు 'రైలుబడి'గా తెలుసు. పాత రైలు పెట్టెల్లో నడిచిన ఆ బడిలో సేద్యం నేర్పడానికి హెడ్మాస్టరు ఒక రైతునే పిలిపించి, ఇవాళ మీ మాస్టారు ఈయనే అంటాడు. రైళ్ల ఊళ్లో ఉన్న మీకు ఆ మాస్టారు ఇంట్లోనే ఉంది, అవ్వ రూపంలో.

ఆమె మొదటి పాఠం నీళ్ల లెక్కతోనే మొదలవనీయండి. నిటారు గోడలున్న ఖాళీ డబ్బాను మిద్దె మీద ఆరుబయట పెట్టి, వాన పడ్డాక స్కేలుతో కొలవమని బాబుకు చెప్పండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు మిద్దె అంటే తొమ్మిది చదరపు మీటర్ల పైమాటే. 20 మిల్లీమీటర్ల వానకు దాని మీద 180 లీటర్లు పడుతుంది, అంటే దాదాపు ఒక డ్రమ్ము. ఏడాది మొత్తానికి దగ్గర దగ్గర అయిదు వేల లీటర్లు. పదిహేను లీటర్ల బిందెలైతే మూడు వందలకు పైనే! కొంత ఆవిరైనా, కొంత పొర్లిపోయినా ఈ లెక్క వింటే అవ్వ మాట మెత్తబడుతుంది. మీ వైపు వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే ఎక్కువ కాబట్టి అప్పటికి డ్రమ్ము సిద్ధంగా ఉంచండి. మూతికి గుడ్డ కట్టకపోతే దోమలు చేరతాయి.

అప్పటిదాకా బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు చాలు. సబ్బు నీళ్లు వద్దు. రోహిణి ఎండల్లో ఏమీ నాటకండి. జూన్ రెండోవారంలో, మృగశిర వచ్చాక మొదలుపెట్టండి. బకెట్ల అడుగున అయిదారు బెజ్జాలు పెట్టి నల్లమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి నింపండి. పైన చెనక్కాయ పొట్టు పరిస్తే తడి త్వరగా ఆరదు. బాబుకు గోరుచిక్కుడు, గోంగూర ఇవ్వండి, రెండూ ఎండకు ఓర్చుకునేవే. టమాటా కాస్త చల్లబడ్డాక చూద్దురు. పాప అన్నాళ్లు ఆగలేదు. పోపుల డబ్బాలోంచి గుప్పెడు మెంతులు తీసి నీడపట్టున చల్లించండి. మూడు నాలుగు రోజుల్లో మొలకలు చూస్తుంది, నెల తిరక్కుండానే పప్పులోకి కూర కోస్తుంది.

నీళ్లు పోసేది పొద్దున్నే, అదీ వేలు మట్టిలో రెండో కణుపు దాకా గుచ్చి చూశాకే. తడి తగిలితే ఆ రోజు చెంబు కిందే ఉండాలి. ఎన్ని చెంబులు పోశాడో, ఏది మొలిచిందో, ఏది చచ్చిందో బాబు ఒక నోటుబుక్కులో రాయాలి. నాన్న డ్యూటీ దిగి వచ్చినప్పుడు ఆ పుస్తకం చూసి సంతకం పెట్టాలి. చచ్చిన మొక్క పేరు కొట్టేయొద్దు, చెరిపేయొద్దు.

మీరు తెచ్చిన నర్సరీ టమాటా ఇంకా బతికే ఉందా? ఉంటే అది బెజ్జాలు లేని బకెట్లోనే ఉంది. వాడు దాన్ని తనదనడు, నిజమే, అది మీ చెట్టు. ఎట్లా కాపాడుకోవాలో మీరే వాణ్ణి అడగండి. అప్పుడు మిద్దె ఎక్కుతాడు.