సౌండ్ తీసేసి చూసిన సినిమా

మా వీధిలో సగం ఇళ్లు షిఫ్టుల మీద నడిచేవే. సి షిఫ్ట్ వారం వచ్చిందంటే ఇంటాయన రాత్రి 10 గంటలకల్లా ప్లాంటు గేటు లోపల ఉంటాడు. మళ్లీ ఇల్లు చేరేసరికి తెల్లారిపోతుంది. పగలంతా చాకిరీ చేసిన తల్లి మంచం మీద వాలగానే నిద్రపోతుంది. ఆవిడ ఫోను మాత్రం దుప్పటి కింద పిల్లల చేతిలో మేలుకునే ఉంటుంది. జంషెడ్‌పూర్ బిర్సానగర్‌లో మన తెలుగు పిల్లలు థ్రిల్లర్లు చూడడం మొదలుపెట్టేది ఎక్కువగా ఆ వారంలోనే.

మా పక్కింటి అబ్బాయీ అలాగే మొదలుపెట్టాడు. తొమ్మిదో క్లాసు. వాళ్లది పలాస వైపు, మాది శ్రీకాకుళం, ఆ వరసన వాడికి నేను పిన్నిని. ఉన్నట్టుండి వాడు చీకటి పడ్డాక మోటారు ఆపడానికి కిందికి దిగడం మానేశాడు. దిగాల్సి వస్తే చెల్లిని వెంటబెట్టుకునేవాడు. ఓ సాయంత్రం మా గుమ్మంలో నిలబడి అడిగాడు: "పిన్నీ, ఒకే మనిషిలో ముగ్గురుంటారా? నాలో కూడా ఉంటే నాకు తెలుస్తుందా?"

'అపరిచిత్' చూశాడట. మనకు 2005 నాటి 'అపరిచితుడు' ఎలాగో, ఇక్కడి పిల్లలకు హిందీ డబ్బింగులో అది 'అపరిచిత్'. టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. నేను జవాబు చెప్పేలోగా వాళ్లమ్మ నవ్వుతూ అంది, "రాత్రుళ్లు ఇలాంటివి చూడు, నిన్ను కాంకే పంపించేస్తాను." అందరం నవ్వాం. వాడు నవ్వలేదు. ఆ సాయంత్రం వాడి మొహం చూశాకే ఇది రాయాలనిపించింది.

జార్ఖండ్‌లో ఉన్నవాళ్లకు కాంకే అంటే వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడికి 130 కిలోమీటర్ల దూరంలో, రాంచీ పొలిమేరలో ఉంది. అక్కడే 1918లో మొదలైన కేంద్రీయ మనశ్చికిత్సా సంస్థ ఉంది, రిన్పాస్ ఆసుపత్రి కూడా ఉంది. దేశంలో ఇంత పేరున్న మానసిక వైద్యశాలలు కొన్నే. ఆ పేరును మనం ఇంట్లో తిట్టుగా వాడుకుంటున్నాం. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

ముందు సినిమాల మాట. పిల్లలు ఇలాంటివి చూస్తున్నారని తెలియగానే ఫోను లాక్కోకండి. పదమూడు దాటిన పిల్లలకు భయం రుచి చూడాలని ఉంటుంది. మన చిన్నప్పుడు చింతచెట్టు కింద దెయ్యం కథ వింటూ చెవులు మూసుకున్నాం, మళ్లీ చెప్పమని అడిగాం కూడా. ఇదీ ఆ దాహమే. కాకపోతే మనకు కథ చెప్పిన అమ్మమ్మ పక్కనే ఉండేది, ఆవిడ కొంగు పట్టుకుని నిద్రపోయేవాళ్లం. దుప్పటి కింద సినిమా చూసే పిల్లకు ఆ కొంగు లేదు.

పక్కన కూర్చోండి. కూర్చుని, ఆ భయం ఎలా తయారవుతుందో చూపించండి. ఈ సినిమాలకు ఒక కట్టు ఉంటుంది. తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. సరిగ్గా కావలసిన నిమిషానికి ఫోనుకు సిగ్నల్ పోతుంది. అద్దం ముందు మొహం కడుక్కుని తలెత్తగానే వెనకాల ఎవరో ఉంటారు. మొదట పిల్లి దూకుతుంది, అమ్మయ్య అనుకున్న క్షణంలో అసలు మనిషి వస్తాడు. ఇవి తెలిసిన పిల్ల ముందుగానే చెప్పేస్తుంది, "ఇప్పుడు పిల్లి దూకుతుంది చూడు" అని. ఆ మాట నోట్లోంచి రాగానే భయంలో సగం ఆటగా మారిపోతుంది.

హిచ్‌కాక్ 1960లో తీసిన 'సైకో'లో స్నానాల గది హత్య గురించి మీ పిల్లలకు చెప్పండి. తెర మీద అది నిమిషం కూడా ఉండదు. తీయడానికి ఏడు రోజులు పట్టింది. రక్తం అనుకున్నది చాక్లెట్ సిరప్. కత్తి ఒంట్లో దిగినట్టు చూసిన జనమంతా నమ్మారు కానీ నిజానికి తెర మీద అలాంటిది దాదాపు ఏమీ కనపడదు. ముక్కలు ముక్కలుగా కోసి అతికించిన షాట్లు, ఆ వయొలిన్ల అరుపు, మిగతాదంతా చూసేవాళ్ల ఊహ.

మా పక్కింటి వాడితో నేను చేసింది ఇదే. ఆదివారం మధ్యాహ్నం, కర్టెన్లు తీసేసి, మా టీవీలో వాడిని భయపెట్టిన ఆ సినిమానే పెట్టాను. నరకంలో శిక్షల పేరు పెట్టి చంపే ఘట్టాలు దాటించేశాను, అవి ఆ వయసుకు తగ్గవి కావు. పోలీసు అధికారి ప్రకాశ్‌రాజ్ ముందు విక్రమ్ ఒక క్షణం రామానుజంగా, మరుక్షణం అపరిచితుడిగా మారే ఘట్టం దగ్గర సౌండ్ పూర్తిగా తీసేశాను. రీరికార్డింగ్ లేదు, ఆ గొంతు లేదు. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. జుట్టు మొహం మీద పడితే ఒకడు, వెనక్కి పోతే ఇంకొకడు. రెండోసారి వెనక్కి తిప్పి చూస్తున్నప్పుడు వాడు టీవీ దగ్గరికి జరిగి, "పిన్నీ, ఇదంతా జుట్టేనా!" అన్నాడు. తర్వాత సౌండ్ పెట్టి అదే ఘట్టం మళ్లీ చూశాం. ఈసారి వాడు విక్రమ్ నటన గురించి మాట్లాడాడు. వారం రోజులుగా తనలో ఎవరున్నారో అని బెంగపడిన కుర్రాడు, ఒక నటుడు ఎంత కష్టపడ్డాడో గమనించే ప్రేక్షకుడయ్యాడు. ఇంతకంటే పెద్ద ఉపాయం నా దగ్గర లేదు. మీరూ చేసి చూడండి.

కుర్రకారు థ్రిల్లర్లలో ఇంకో కట్టు ఉంది. మనం అసలు ఆలోచించవలసింది దాని గురించే. వాటిలో అమ్మానాన్నలు ఉండరు. ఊరెళ్లి ఉంటారు, పార్టీలో ఉంటారు, లేదా పక్క గదిలో ఉండి కూడా పిల్ల చెప్పింది నమ్మరు. 1978 నాటి 'హాలోవీన్'లో పిల్లల్ని కనిపెట్టుకుని ఉన్నది పదిహేడేళ్ల అమ్మాయి, పెద్దవాళ్లు బయట. 1996 నాటి 'స్క్రీమ్'లో ఇంట్లో ఒంటరిగా ఉన్న అమ్మాయికి ఫోను మోగడంతో మొదలు. మన దగ్గర 2019లో వచ్చిన 'రాక్షసుడు'లో స్కూలు పిల్లల్ని వేధించే ఉపాధ్యాయుడు ఒకడుంటాడు. ఆడపిల్లలు భయంతో నోరు విప్పలేరు, వాడి ధైర్యం అదే. కథ కోసం పెద్దవాళ్లను తప్పిస్తారనుకోండి. కానీ చూసే పిల్ల మనసులో ఒక మాట నాటుకుంటుంది: కష్టం వస్తే ఇంట్లో చెప్పి లాభం లేదు, నమ్మరు. ఆ మాట అబద్ధమని రుజువు చేయవలసింది మనమే. సినిమా మధ్యలో ఆపి, "ఇది నీకు జరిగితే ముందు ఎవరికి చెబుతావు?" అని అడగండి. జవాబులో మీ పేరు రాకపోతే కోప్పడకండి. ఎందుకు రాలేదో నెమ్మదిగా తెలుసుకోండి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఇంకొకటి. ఈ సినిమాల్లో సాధారణంగా చివరికి బతికి బయటపడేది బుద్ధిగా ఉండే అమ్మాయి. నవ్వేది, తిరిగేది, ప్రేమించేది ముందే చచ్చిపోతుంది. సినిమా పండితులు ఆ చివరి అమ్మాయి మీద పుస్తకాలే రాశారు. "చూశావా, అలా తిరిగితే అంతే" అని మన నోటితో ఆ తీర్పును బలపరచకండి. తప్పు కత్తి పట్టినవాడిది. ఆ ముక్క మీ అమ్మాయికి, ముఖ్యంగా మీ అబ్బాయికి, గట్టిగా చెప్పండి.

ఇక మనసు జబ్బుల సినిమాలు. 1993లో ఫాజిల్ మలయాళంలో 'మణిచిత్రత్తాళు' తీశారు. అదే కథ 2005లో 'చంద్రముఖి'గా తెలుగువాళ్లకు, 2007లో 'భూల్ భులయ్యా'గా హిందీవాళ్లకు చేరింది. ఒక విధంగా మంచి కథ, దెయ్యం కాదు జబ్బు అని చెప్పింది. కానీ ఒక్క రాత్రిలో, ఒక్క నాటకంతో నయమైపోయినట్టు చూపించింది. దాని తర్వాత వచ్చిన అనేక థ్రిల్లర్లలో చివరి ట్విస్ట్ ఒకటే, హంతకుడికి మనసు బాగోలేదు. 'సైకో' అనే మాట తెలుగులో ఇప్పుడు తిట్టు అయిపోయింది. స్కూలు వ్యానులో పిల్లలు ఒకరినొకరు పిలుచుకునేది అదే.

నిజం వేరు. మానసిక జబ్బున్నవాళ్లు ఇతరులకు హాని చేయడం కంటే ఇతరుల చేతిలో హాని పొందడమే ఎక్కువ. సినిమాలో మంచానికి కట్టేసి కరెంటు పెట్టే దృశ్యం ఉంటుంది కదా, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు ఇవ్వకుండా ఆ చికిత్స చేయడమే నిషిద్ధం. కాంకేలో పిల్లలకూ యుక్తవయసు వాళ్లకూ వేరే విభాగం ఉంది. అక్కడికి వెళ్లేవాళ్లు మనలాగే టిఫిన్ డబ్బా పట్టుకుని, బస్సెక్కి, చీటీ రాయించుకుని, వరసలో కూర్చుంటారు. ఈ మాట ఇంట్లో ఒక్కసారి చెప్పండి, అది సినిమాలో చూపించే చీకటి కొట్టు కాదని.

దయ్యం, చేతబడి కథల దగ్గర ఈ నేల మీద పెరుగుతున్న పిల్లలకు చెప్పవలసింది మరీ ముఖ్యం. 2023లో వచ్చిన 'విరూపాక్ష' మొదట్లోనే చేతబడి చేస్తున్నారని ఒక జంటను ఊరంతా కలిసి చంపేస్తుంది. తెర మీద అది కథకు నిప్పు రాజేసే ఘట్టం. మన పక్క జిల్లా సరాయికేలా ఖర్సావాన్‌లో ఛుట్నీ దేవిని 1995లో డాయన్, అంటే మంత్రగత్తె, అని ముద్రవేసి హింసించారు. ఆవిడ ప్రాణాలతో బయటపడి, అలాంటి ముద్ర పడిన ఆడవాళ్లకు అండగా నిలబడ్డారు. 2021లో పద్మశ్రీ ఇచ్చారు. ఇలా ముద్రవేయడం నేరమని చెప్పే చట్టం జార్ఖండ్‌లో 2001 నుంచి ఉంది. సినిమా చూసిన రాత్రే ఆవిడ కథ చెప్పండి. భయపడవలసింది ఎవరిని చూసో పిల్లలకు అర్థమవుతుంది.

ఏది చూడనివ్వాలి అన్నదానికి కాస్త ఆసరా ఉంది. 2024 నవంబరు నుంచి సెన్సారు సర్టిఫికెట్లో యూఏ పక్కన 7, 13, 16 అని వయసు అంకె వేస్తున్నారు. ఓటీటీల్లోనూ ఇలాంటి అంకెలున్నాయి, తాళం పెట్టుకునే వీలూ ఉంది. అంకె చూసుకోండి, కానీ తాళం మీదే భారం వేయకండి. తాళం తీసే విద్య వాళ్లకు మనకంటే బాగా వచ్చు.

ఒక్కచోట మాత్రం మెతకగా ఉండవద్దు. పిల్ల అప్పటికే దిగులుగా ఉంటే, నిద్ర తగ్గి, తిండి మానేసి, స్నేహితుల్ని దూరం పెట్టి, చావు గురించిన మాటలు మాట్లాడుతుంటే, ఆత్మహత్యను దగ్గరగా చూపించే సినిమాలు, సిరీస్‌లు ఆ సమయంలో వద్దు. '13 రీజన్స్ వై' అనే సిరీస్ 2017లో వచ్చింది. అందులో ఆ దృశ్యాన్ని నెట్‌ఫ్లిక్స్ రెండేళ్ల తర్వాత తానే తీసేసింది. వైద్యుల హెచ్చరికలు అంత గట్టిగా వచ్చాయి. పిల్లలో ఈ గుర్తులు కనిపిస్తే సినిమా గొడవ పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి పగలు పలుకుతుంది, తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

పెద్దవాళ్లు పిల్లల్లేకుండా చూడవలసినది ఒకటి చెబుతాను. 2025లో వచ్చిన 'అడాలసెన్స్'. నాలుగే భాగాలు, ఒక్కో భాగం కెమెరా ఆపకుండా ఒకే బిగిన తీశారు. పదమూడేళ్ల కుర్రాడు, హత్య ఆరోపణ. ఇక్కడ ఎవరు చేశారన్నది మొదట్లోనే తేలిపోతుంది, మిగతాదంతా ఎందుకు అన్న ప్రశ్నే. పిల్లవాడు తన గదిలోనే ఉన్నాడు కదా, క్షేమంగానే ఉన్నాడు కదా అనుకున్న తల్లిదండ్రుల కథ అది. చివర్లో ఆ తండ్రి కొడుకు మంచం మీద కూలబడి ఏడుస్తాడు. నేను మా ఇంట్లో ఆ ఘట్టం అయ్యాక లేచి పిల్లల గది తలుపు తీసి చూసి వచ్చాను.

ఇప్పుడు కాంకే మాట. సౌండ్ తీసేసి సినిమా చూసిన పది పదిహేను రోజులకు పక్కింటి వాడు మళ్లీ వచ్చాడు. ఈసారి సినిమా ఊసెత్తలేదు. సండే మార్కెట్ నుంచి కూరల సంచి మోసుకొచ్చి పెట్టి, వెళ్లకుండా నిలబడ్డాడు. కాసేపటికి చెప్పాడు. ఊళ్లో వాళ్ల మావయ్య ఒంటరిగా మాట్లాడుకుంటాడట, మందులు వాడుతున్నాడట. వేసవి సెలవుల్లో చూశాడు. ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తరు. మావయ్యకు వచ్చింది తనకూ వస్తుందేమో అన్నది వాడి భయం. అపరిచితుడి పేరు పెట్టి వాడు నన్ను అడిగింది ఆ మావయ్య గురించి. వాళ్లమ్మకు చెప్పలేకపోయాడు, ఎందుకంటే ఆ ఇంట్లో అలాంటి మాటకు జవాబు కాంకే.

వాళ్లమ్మ చెడ్డది కాదు. ఆ మాట మనమంతా అంటాం, నేనూ అన్నాను ఒకప్పుడు. నేను వెళ్లి ఆవిడతో చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. కళ్లు తుడుచుకుని, "మా తమ్ముడి గురించి వీడికేటి తెలుసునని అనుకున్నానమ్మా" అంది. ఆ రాత్రి తల్లీకొడుకులు కలిసి మావయ్యకు వీడియో కాల్ చేశారు.

మీ ఇంట్లో కూడా ఆ తిట్లు మూడూ మానేయండి, కాంకే, మెంటల్, సైకో. వచ్చే సి షిఫ్ట్ వారం రాకముందే ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లల్ని అడగండి, వాళ్లను బాగా భయపెట్టిన సినిమా ఏదో. అదే పెట్టమనండి. మీరు పక్కన కూర్చోండి, రిమోట్ వాళ్ల చేతికివ్వండి.