పారేసే ముందు ఒక్క మాట, చెల్లె!

ఇట్ల వచ్చి కూర్చో చెల్లె, చాయ్ చల్లారుతుంది. నీ దిగులేందో నాకు ఎరుకే. తలుపు వెనక సంచి నిండా కవర్లు, సజ్జ మీద అట్టడబ్బాలు, బీరువా మీద పెళ్లి పత్రికల కట్ట, పరీక్షలు అయిపోయిన పిల్లల నోటుబుక్కులు. పడేద్దామంటే చెయ్యి రాదు, ఉంచుదామంటే చోటు లేదు. చుట్టాలు వస్తున్నారంటే చాలు, అన్నీ మంచం కిందికి తోసి దుప్పటి కిందికి జారేస్తాం. రెంజల్‌లో సొంతిల్లైనా, బోధన్‌లో క్వార్టరైనా, నిజామాబాద్‌లో అద్దె గదులైనా, మనందరిదీ ఇదే తిప్పలు కదా?

ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు దేన్నీ ఊరికే పారేయలేదు. పాత చీరలు బొంతలయ్యాయి. చిరిగిన కాయితాలు నానబెట్టి, మెంతులు కలిపి, రోట్లో దంచి బుట్టలు చేసుకున్నారు. ఆ గుణమే మన చేతికి వచ్చింది. కాకపోతే అప్పుడు దుకాణం నుంచి చక్కెర కూడా కాయితం పొట్లంలోనే వచ్చేది, ఇప్పుడు పావుకిలో ఆవాలకూ ఒక కవరు. అన్నీ దాచుకుంటూ పోతే మనం నడిచే దారి కూడా మిగలదు. అందుకే నేను చెప్పే మొదటి మాట ఇది: ఇంటికి ఏం కావాలో ముందు చూసుకో, దానికి పనికొచ్చేదే దాచు. గోడకు వేలాడదీసి దుమ్ము దులుపుకునే బొమ్మలు మనకొద్దు. రోజూ చేతికి తగిలే వస్తువు చేద్దాం.

ఒక ఆదివారం పొద్దున అంతా నట్టింట్లో కుప్ప పోసి మూడు వాటాలు చెయ్యి. పేపర్లు, నోటుబుక్కులు, అట్టపెట్టెలు, పెళ్లి పత్రికలు మొదటి వాటా. మన చేతిపనికి అసలు సరుకు ఇదే. పాల కవర్లు రెండో వాటా. అవి ఒకే రకం ప్లాస్టిక్ కాబట్టి కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. కడిగి ఆరబెట్టి పాత సామాను కొనే అతనికి వేసెయ్. కవరు మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్కను పూర్తిగా తెంపకు, కవరుకే ఉండనీ. మోరీలో పడి పోయేవి ఆ ముక్కలే. మూడో వాటా చిప్స్, బిస్కెట్ ప్యాకెట్లు. వాటిలో ప్లాస్టిక్కూ, లోపల మెరిసే లోహపు పొరా కలిసి అతుక్కుని ఉంటాయి. విడదీయడం కష్టం గనుక వాటిని ఎవరూ కొనరు. శుభ్రంగా తుడిచి, పొడుగ్గా పట్టీల్లాగ మడిచి, అడ్డం నిలువు అల్లితే నీళ్ల బిందె కింద పరుచుకునే చాప అవుతుంది. వేడి గిన్నె మాత్రం దాని మీద పెట్టకు.

ఒక్క దగ్గర నా మాట కచ్చితంగా వినాలి. వరికీ, పసుపుకూ, సోయాకూ కొట్టిన పురుగుమందుల డబ్బాలు ఎంత అందంగా ఉన్నా ఇంట్లోకి రానీయకు. ఎన్నిసార్లు కడిగినా వాటిని పూలకుండీ చేయొద్దు, పిల్లలకు ఆడుకోనివ్వొద్దు. ఏం, సరేనా?

"అక్కా, నాకు కళ రాదు" అంటావు. ఎవరు చెప్పారు నీకు? మన నిజామాబాద్ జిల్లాలో ఊరూరా బీడీలు చుట్టే ఆడవాళ్లున్నారు. తడిపిన తునికాకును కొలతకు కత్తిరించి, తంబాకు పోసి, వేళ్ల మధ్య తిప్పి, దారం కట్టి, వెయ్యికి ఇంత అని కూలి తీసుకుంటారు. చూడకుండానే ఒక్క తీరుగా చుట్టగల వేళ్లవి. ఆ వేళ్లకు పేపరు గొట్టం చుట్టడం ఎంత పని? మీ ఇంట్లో బీడీలు చుట్టేవాళ్లుంటే ఈ పని వాళ్ల దగ్గరే మొదలుపెట్టు, నీకంటే ముందు వాళ్లే నేర్చుకుంటారు. తంబాకు చాట మాత్రం దూరం పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పిల్లల పక్కన కూర్చోవాలి.

ఇగో, ఇట్ల చెయ్యి. పేపరు షీటును నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలుగా చేసుకో. పాత సైకిల్ పుల్లను పట్టీ మూల మీద బాగా వాలుగా పెట్టి, బొటనవేలితో నొక్కుతూ చుట్టుకుంటూ పో. చివర మైదా లై అద్ది అంటించి పుల్ల లాగెయ్. గొట్టం ఒక కొస సన్నగా, ఇంకో కొస కాస్త వెడల్పుగా వస్తుంది. అది తప్పు కాదు, అదే మనకు కావాల్సింది. గొట్టం చాలకపోతే ఇంకో గొట్టం సన్న కొసకు లై రాసి ఈ వెడల్పు కొసలోకి దూర్చు, ఎంత పొడుగైనా వస్తుంది. గుండ్రంగా కోసిన రెండు అట్టల మధ్య పదిహేనో పదిహేడో గొట్టాలు సూర్యకిరణాల్లాగ పరిచి అంటించు. లెక్క బేసిగానే ఉండాలి. అప్పుడే అల్లిక ఒక చుట్టులో లోపలికి పోయిన చోట, వచ్చే చుట్టులో బయటికి వస్తుంది. సరి లెక్క పెడితే ప్రతిసారీ ఒకే చోట పోయి బుట్ట నిలబడదు. గొట్టాలు పైకి వంచి, మధ్యలో ఒక డబ్బా పెట్టుకుని దాని చుట్టూ అల్లు. ఆఖర్న ఫెవికాల్‌లో కొన్ని నీళ్లు కలిపి బుట్ట మొత్తానికి రాసి ఎండబెట్టు. దువ్వెనలు, రిమోట్లు, పిల్లల పెన్సిళ్లు అన్నీ దాంట్లోకి.

చిన్న చిన్న ముక్కలు మిగిలిపోతాయే, వాటినేం చేద్దామంటావా? వాటికే నాయనమ్మ పద్ధతి. కత్తెరతో కాదు, చేత్తో చించు. చించితే అంచుల్లో పీచు బయటికొస్తుంది, ఆ పీచే ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. మెరిసే మ్యాగజైన్ కాయితం పక్కన పెట్టు, దాని పైపూత వల్ల గుజ్జు సరిగ్గా కూడదు. రాత్రంతా నానబెట్టి, పిండి, రోట్లోనో పాత మిక్సీ జారులోనో మెత్తగా చెయ్యి. నానిన మెంతులు విడిగా రుబ్బి కలుపు. జిగురూ అదే, చేదుకు పురుగూ తొందరగా రాదు. స్టీలు గిన్నె బోర్లించి, పైన నూనె రాసి, గుజ్జును పలచగా అద్దు. ముందు నీడన, తర్వాత ఎండలో పెట్టు. మందంగా అద్దితే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి బూజు పడుతుంది. అందుకే ఈ పని ముసురు రోజుల్లో పెట్టుకోకు, ఎండాకాలం సెలవుల్లో పెట్టుకో. మన దగ్గర ఆ ఎండకు కొదవా?

మన చెరకు ప్రాంతం వాళ్లకు ఈ పీచు సంగతి ఇట్టే అర్థమవుతుంది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది, ఆ దిగులు మన ఇళ్లలో ఇంకా ఉంది. రసం తీశాక మిగిలే చెరకు పిప్పితోనే తమిళనాడు న్యూస్‌ప్రింట్ అండ్ పేపర్స్ సంస్థ కాయితం చేస్తోంది. ఒకరు వద్దనుకున్న పిప్పి ఇంకొకరికి ముడిసరుకు. మన చేర్యాల మాస్కులు చూడు, రంపపు పొట్టులో చింతగింజల అంబలి కలిపి మలుస్తారు. కశ్మీర్‌లో కాయితం గుజ్జుతో చేసిన కలాలు పెట్టుకునే కలందాన్లు, పెట్టెలు వందల ఏళ్లుగా దేశదేశాలకు పోతున్నాయి. మన చేతిలో ఉన్నది తక్కువ సరుకేం కాదు, తెలిసిందా?

ఇప్పుడు పెళ్లి పత్రికల ముచ్చట. వీటి మీద వినాయకుడుంటాడు, మూలలకు పసుపుంటుంది, పేర్లుంటాయి. చెత్తలో వేయడానికి మనసొప్పదు, అది సహజమే. దేవుడి బొమ్మ జాగ్రత్తగా కత్తిరించి పిల్లల దగ్గర ఒక పుస్తకంలో అంటింపజెయ్. మిగతా మందపాటి కాయితంతో కట్నాలు చదివించే కవర్లు, పసుపు కుంకుమ పొట్లాలు చెయ్యి. పొట్లం లోపలికి అచ్చు లేని వైపు రావాలి. వాయనానికి ప్లాస్టిక్ కవరు బదులు అది చేతిలో పెడితే తీసుకునే ఆమె కళ్లకద్దుకుంటుంది.

ఆ పొట్లాలకు ఇంకో పని కూడా ఉంది. మన రెంజల్ మండలంలోనే కందకుర్తి ఉందాయె. గోదావరిలో మంజీర, హరిద్ర కలిసే త్రివేణి సంగమం, గోదారమ్మ తెలంగాణలో అడుగుపెట్టే చోటు. 2027లో పుష్కరాలు వస్తున్నాయి. పసుపు మన నేలది, పసుపు బోర్డు కూడా 2025 జనవరిలో నిజామాబాద్‌లోనే మొదలైంది. అట్లాంటిది ఆ పసుపును ప్లాస్టిక్ కవర్లో తీసుకపోయి, కవరును ఒడ్డున పడేసి వస్తే బాగుంటుందా? ఇప్పటి నుంచే రోజూ నాలుగు కాయితం పొట్లాలు మడిచి పెట్టుకుంటే అప్పటికి వాడకట్టు మొత్తానికి సరిపోతాయి. ఒక్క జాగ్రత్త, ఖాళీ పొట్లం కూడా నీళ్లలో వేయొద్దు, కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చుకో.

బతుకమ్మ అప్పుడూ అంతే. సిబ్బి దొరక్కపోతే థర్మాకోల్ కొనకు. అట్టపెట్టెను గుండ్రంగా కోసి, రెండు మూడు పొరలు మైదా లైతో అంటించి, పైన గుమ్మడాకులు పరిచి తంగేడు, గునుగు పేర్చు. రెండో అట్టను అంటించేటప్పుడు లోపలి గీతలు మొదటిదానికి అడ్డంగా వచ్చేటట్టు తిప్పు, అప్పుడు పూల బరువుకు వంగదు. టేపూ, పిన్నులూ ముందే పీకెయ్.

"ఇంట్లో వాళ్లు ఏమంటారో" అని ఆగిపోతున్నావా? చెత్తంతా పోగేస్తోందని అత్తమ్మ గొణగొచ్చు. దానికీ మందుంది. మొదటి వస్తువు ఆమెకే చెయ్యి. అట్టపెట్టెను మూడు అరలు చేసి, పొద్దుటి అర మీద సూర్యుడు, మధ్యాహ్నం అర మీద అన్నం పళ్లెం, రాత్రి అర మీద చంద్రుడు గీయించు మనవడితో. గోళీలను వాటి పట్టీల్లోంచి విప్పకుండా అట్లనే అరల్లో పెట్టు. అక్షరం రాకపోయినా ఏ గోళీ ఎప్పుడో ఆమెకు తెలుస్తుంది. ఆ తర్వాత అట్టలు దాచిపెట్టేది ఆమే, చూస్తుండు. అయితే నువ్వూ ఒక హద్దు పెట్టుకోవాలి: సరుకు దాచడానికి ఒక్కటే పెట్టె. అది నిండిందా, మిగిలింది పాత సామానుకు పోవాల్సిందే.

ఇంక నాలుగు రూపాయలు వస్తాయా అనే మాట. ఉన్నదున్నట్టు చెప్తా, ఇల్లు గడిచేటంత రావు. కానీ చేతిఖర్చుకు దారి ఉంది. 2022 జులై 1 నుంచి కొన్ని రకాల ఒక్కసారి వాడే ప్లాస్టిక్ వస్తువులు దేశమంతటా బంద్. అదే ఏడాది డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలచని క్యారీ బ్యాగులు కూడా కుదరవు. మందుల దుకాణాలకు, గాజుల దుకాణాలకు కాయితం కవర్లు కావాలి. ముందు పోయి ఏ కొలత కావాలో అడుగు, తర్వాతే మడువు. మిర్చీ బజ్జీల బండికి, మిఠాయి దుకాణానికి మాత్రం పేపరు కవర్లు ఇవ్వొద్దు. అచ్చు సిరా తిండిలోకి దిగుతుందని ఆహార భద్రతా సంస్థ 2016లోనూ 2023లోనూ హెచ్చరించింది. మన ఇంట్లో కూడా పేపరు మీద బజ్జీల నూనె అద్దడం మానేద్దాం. ఇంకో మాట, ఒక్కదానివే కష్టపడకు. మహిళా సంఘం మీటింగ్‌లో ఒక బుట్ట చూపించు. ఒకరు గొట్టాలు చుడతారు, ఒకరు అల్లుతారు, ఒకరు రంగులేస్తారు. జిగురు, రంగు ఖర్చు తీసి, పట్టిన గంటలు లెక్కేసి ధర చెప్పండి. "ఇంట్లో ఊరికే చేసిందే కదా" అని ఎవరన్నా బేరమాడితే తగ్గకండి. మన పొద్దు ఊరికే రాలేదు.

మరి ఏం చేస్తున్నావిప్పుడు? అన్నీ ఒకేసారి నెత్తిన పెట్టుకోకు. ఈ వారం ఒక్క పెళ్లి పత్రిక తీసుకుని రెండు పసుపు పొట్లాలు మడువు. వచ్చే వారం పిల్లలను కూర్చోబెట్టి గొట్టాలు చుట్టించు. వంకరగా వస్తే రానీ, బుట్ట అల్లాక ఆ వంకర ఎవరికీ కనిపించదు. మొదటి బుట్ట నీకే ఉంచుకో, రెండోది పక్కింటి వదినెకు ఇచ్చి ఆమెకూ నేర్పు. నువ్వు చేయగలవు చెల్లె, నాకు తెలుసు. లే, మైదా ఉందో లేదో చూసుకో, లై ఉడికిద్దాం.