ప్రభుత్వ టెండర్లు - కర్బనపు పద్దు

ప్రభుత్వమునకు సరుకు అమ్ముటకు గాని, పని చేసిపెట్టుటకు గాని టెండరు వేయు చిన్న వ్యాపారి సాధారణముగా మూడు విషయములను సిద్ధపరచుకొనును: ధర, నాణ్యము, గడువు. బ్రిటను దేశమున ఇటీవల ఈ మూడింటికి నాలుగవది తోడైనది. ఆ వ్యాపారము నడచుటవలన గాలిలో ఎంత బొగ్గుపులుసు వాయువు కలియుచున్నది, దానిని ఏ యేటికి ఎంత తగ్గింపనున్నారు అను లెక్కను కూడ అచ్చటి ప్రభుత్వము అడుగుచున్నది. ధర తక్కువయై, సరుకు మేలైనదయినను, అడిగిన చోట ఈ పత్రము లేనిచో టెండరు తొలి పరిశీలనలోనే తొలగిపోవచ్చును. పనితనము ఉండియు, ఒక్క కాగితము లేక పని పోగొట్టుకొనుట చిన్నవానికి ఎంతటి నష్టమో వేరుగ చెప్పనక్కరలేదు. కావున ఈ లెక్కను తానే స్వయముగ వేసికొనుట యెట్లో ఈ పాఠమున నేర్చుకొందము.

నిబంధన యేమి?

బ్రిటను పార్లమెంటు 2008లో వాతావరణ మార్పును గూర్చి ఒక చట్టము చేసెను. 2019లో ఆ చట్టమును సవరించి, 2050 నాటికి దేశము నికర శూన్యమును చేరవలెనని నిర్ణయించిరి. నికర శూన్యమనగా గాలిలోనికి వదలునదియు, గాలినుండి తిరిగి తీసికొనునదియు సరిసమానమగుట. ఈ లక్ష్యమునకు అనుగుణముగ 2021 జూనులో కొనుగోళ్ళ నిబంధన యొకటి ప్రకటింపబడి, ఆ సంవత్సరము సెప్టెంబరు 30 నుండి అమలునకు వచ్చెను. ఏడాదికి 50 లక్షల పౌనులకు మించిన కేంద్ర ప్రభుత్వ కంట్రాక్టులను కోరువారు కర్బనమును తగ్గించు ప్రణాళికను సమర్పింపవలెను. 2025 ఫిబ్రవరిలో కొత్త కొనుగోళ్ళ చట్టము అమలునకు వచ్చినపుడును ఈ నిబంధన కొనసాగింపబడినది.

50 లక్షల పౌనులనగా పెద్ద మొత్తమే గదా, ఇందు చిన్నవారి ప్రసక్తి యేమి అని పాఠకులు అడుగవచ్చును. దీనికి రెండు సమాధానములు కలవు. ఇంగ్లండునందలి జాతీయ ఆరోగ్య సంస్థ 2023 ఏప్రిలు నుండి పెద్ద కంట్రాక్టులకు ఈ ప్రణాళికను కోరి, 2024 ఏప్రిలు నుండి చిన్న కొనుగోళ్ళకును, వాని పరిమాణమునకు తగినంత మేరకు, ఈ పద్ధతిని విస్తరింపజేసినది. ఇది యొకటి. పెద్ద కంట్రాక్టరు తన లెక్క వ్రాయునపుడు తనకు సరుకు మోయు లారీల పొగను కూడ అందు చేర్చవలెను. అపుడతడు ఆ లారీల యజమానిని లెక్క అడుగకతప్పదు. ఇది రెండవది.

మూడు పద్దులు

ఈ లెక్కకు చిట్టాలో మూడు పద్దులు తెరువవలెను. మన బాయిలరులో, మన బండిలో మనమే కాల్చిన గ్యాసు, డీసెలు, బొగ్గు మొదటి పద్దు. మనము కొన్న విద్యుత్తు రెండవ పద్దు. పొగ మనయొద్ద కనబడకున్నను, విద్యుత్ కేంద్రమున మన కొరకు వెలువడినదే. మన పని నిమిత్తము ఇతరులయొద్ద వెలువడినది మూడవ పద్దు. ఈ మూడవ దానిలో బ్రిటను నిబంధన అయిదు అంశములను అడుగును: మనకు వచ్చు సరుకు రవాణా, మననుండి పోవు సరుకు రవాణా, పనిలో మిగులు చెత్త, పని మీద చేయు ప్రయాణములు, పనివారు ఇంటినుండి వచ్చిపోవుట.

పిదప ఒక ఆధార సంవత్సరమును నిర్ణయింపవలెను. మునుముందు జరుగు తగ్గింపునంతయు ఆ యేటితో పోల్చి చూతురు. పాతలెక్కలు లేనివారు తాము తొలిసారి లెక్క వేసిన సంవత్సరమునే ఆధారముగ గైకొనవచ్చును.

ఒక ఉదాహరణ

ఆసుపత్రి దుప్పట్లను ఉదుకు ఒక చిన్న లాండ్రీ ఇంగ్లండున నున్నదనుకొందము. ఏడాదికి లక్ష కిలోల బట్టలు ఉదుకును. దాని బిల్లులలో గ్యాసు 1,50,000 యూనిట్లు, విద్యుత్తు 40,000 యూనిట్లు, వ్యానుకు డీసెలు 4,000 లీటర్లు ఉన్నవి. ఏ ఇంధనమునకు ఎంత వాయువు వెలువడునో అచ్చటి ప్రభుత్వము ఏటేట పట్టికగ ప్రకటించును. సుమారుగ చెప్పవలెనన్న యూనిట్ గ్యాసుకు 0.18 కిలోలు, యూనిట్ విద్యుత్తుకు 0.2 కిలోలు, లీటరు డీసెలుకు 2.5 కిలోలు.

హెచ్చించి చూడగా గ్యాసుకు 27 టన్నులు, విద్యుత్తుకు 8 టన్నులు, డీసెలుకు 10 టన్నులు వచ్చును. మూడవ పద్దు ఉజ్జాయింపుగ 5 టన్నులనుకొన్నచో మొత్తము 50 టన్నులు. అనగా కిలో బట్టకు అరకిలో వాయువు.

ఇందొక విశేషము కలదు. బ్రిటనులో విద్యుత్తు యూనిట్ ధర గ్యాసు యూనిట్ ధరకు దాదాపు నాలుగింతలు. అందువలన ఈ లాండ్రీ రెండు బిల్లులకును ఇంచుమించు ఒకే సొమ్ము చెల్లించును. డబ్బును బట్టి చూచిన రెండును సమానమే. వాయువును బట్టి చూచిన గ్యాసు మూడింతలకు మించినది. దీపములు మార్చినంత మాత్రమున చాలదనియు, మొదట బాయిలరు వంక చూడవలెననియు ఈ లెక్క తెలుపుచున్నది.

అయినను నీటి వేడిని ఇష్టమువచ్చినట్లు తగ్గింపరాదు. ఆసుపత్రి బట్టలు రోగక్రిములు చచ్చునట్లు 71 డిగ్రీల వద్ద కనీసము 3 నిమిషములుగాని, 65 డిగ్రీల వద్ద కనీసము 10 నిమిషములుగాని ఉండవలెనని అచ్చటి ఆరోగ్యశాఖ నియమము. కావున ఆవిరి గొట్టములకు వేడి పోకుండ తొడుగు వేయుట, బయటికి పోవు వేడినీటితో లోనికి వచ్చు చన్నీటిని కాచుకొనుట వంటి మార్గములు వెదకవలెను. వీనివలన గ్యాసు అయిదవ వంతు తగ్గినచో 5.4 టన్నులు మిగులును. మొత్తము లెక్కలో ఇది నూటికి దాదాపు 11 వంతులు. గ్యాసు బిల్లును ఆ మేరకు తగ్గును.

చేయరాని తప్పులు

మాటలు కోటలు దాటును గాని కాళ్ళు గడప దాటవని సామెత. 2050 నాటికి శూన్యము చేరుదుమని వ్రాసి, వచ్చు ఏడాది ఏమి చేయుదురో వ్రాయని ప్రణాళిక అట్టిది. ఏ యేట ఏ పని, దానివలన ఎన్ని టన్నులు తగ్గును అని వ్రాయవలెను. బాధ్యుడైన యజమాని సంతకము చేసి, ప్రణాళికను అందరికి కనబడునట్లు ప్రకటించి, ఏటేట తిరుగ వ్రాయవలెను.

వ్యాపారము పెరిగినపుడు మొత్తము పెరుగవచ్చును. పై లాండ్రీ 1,20,000 కిలోలు ఉదికి 54 టన్నులు వదలినచో కిలోకు 0.45 కిలోలే అగును. ఇది మెరుగే, కాని మొత్తము పెరిగిన మాటను దాచరాదు. రెండు అంకెలను పక్కపక్కన వ్రాయుటయే న్యాయము. ఎక్కడనో చెట్లు నాటించితిమని చెప్పి మన బాయిలరు పొగను లెక్కనుండి కొట్టివేయుటయు తగదు.

మనకు దీనితో పని యేమి?

బ్రిటను నిబంధన మన దేశపు టెండర్లకు వర్తింపదు. అయినను 2070 నాటికి నికర శూన్యమును చేరుదుమని మన దేశము 2021లో ప్రకటించినది. కేంద్ర ప్రభుత్వ శాఖలును, సంస్థలును తమ కొనుగోళ్ళలో నూటికి 25 వంతులు సూక్ష్మ, చిన్న పరిశ్రమలనుండి కొనవలెనను నియమమును మనకు కలదు. బడులకు బల్లలు చేయు వడ్రంగుల సంఘమైనను, సంచులు కుట్టు మహిళా సంఘమైనను ఈ పద్దును నేడే ప్రారంభింపవచ్చును.

కాని అంకె మారునని గుర్తుంచుకొనవలెను. బ్రిటనులో చివరి బొగ్గు విద్యుత్ కేంద్రము 2024 సెప్టెంబరు 30న మూతపడినది. మన విద్యుత్తులో అధికభాగము నేటికిని బొగ్గునుండియే వచ్చుచున్నది. కావున అచ్చట 0.2 కిలోలున్న యూనిట్ ఇచ్చట సుమారు 0.7 కిలోలు. నెలకు 500 యూనిట్లు వాడు చిన్న కర్మాగారమునకు ఏడాదికి దాదాపు 4,200 కిలోలు వచ్చును. అనగా ఇచ్చట ఒక యూనిట్ పొదుపు చేయుట అచ్చట మూడు యూనిట్ల పొదుపునకు మించినది.

దీనికి పెద్ద చదువు అక్కరలేదు. కరెంటు బిల్లులను, డీసెలు రసీదులను పారవేయక నెలవారీగ ఒక పుస్తకమున ఎక్కించినచో సగము పని అయినట్లే. లెక్క యున్నవానికి ఎక్కడ తగ్గింపవలెనో తెలియును. ఎవరైన అడిగిననాడు చూపుటకు కాగితమును సిద్ధముగ నుండును.